నేను ఎంచుకున్న ప్రశ్న

అమ్మకి,

నీ కూతురు సైకల్ సలాములు. నాన్నకి కూడా నా సలాములు చెప్పు. ఇక్కడ పెదనాన్న, పెద్దమ్మ, నేను కులాసాగానే ఉన్నామని అనుకో. తిండికి లోటు లేదు, పొయ్యిలోకి బొగ్గు ఉంది. అక్కడ కొండమీద మీ ఇద్దరూ, గుర్రాలూ, ముసలి కుక్కా బాగుండాలని కోరుకుంటున్నాను. మంద కూడా బాగుండాలని ఎప్పుడూ ఈ వరసలోనే రాసేదాన్ని. ఈసారి రాయలేకపోతున్నాను. ఎందుకో చదువుతూ పోతే నీకే తెలుస్తుంది.

నీ ఉత్తరం గడ్డి లారీ డ్రైవరు బడి దగ్గరే ఇచ్చాడు. ఇంటికి తీసుకెళ్ళకుండా బడి వెనక బొగ్గు కొట్టంలో నిలబడి చదివాను. నువ్వు ఆఖర్న రాసిన మాటల దగ్గరికి నేను వెంటనే రాలేను. ముందు నువ్వు అడిగిన చిన్న చిన్న సంగతులకి జవాబులు రాస్తాను. 

ఉన్ని మేజోళ్ళు అందాయి. మడమ దగ్గర కొంచెం బిగుతు, అయినా వెచ్చగా ఉన్నాయి. నువ్వు పంపిన పెరుగు ఉండలు జిపార్‌కి కూడా పెట్టాను. బడిలో నా పక్కన కూర్చునేది తనే కదా, సగం తనే తినేసింది. నా మోకాళ్ళ నొప్పి తగ్గిందా అని అడిగావు. దాని గురించి ఉత్తరం చివర్లో రాస్తాను. పెద్దమ్మ బాగా చూసుకుంటోందా అన్నావు. కొత్త సంవత్సరం దాకా సొంత కూతురిలాగే చూసింది. ఇప్పుడు నా ముందు రొట్టె, ఉప్పు టీ పెట్టి అటు తిరిగి కూర్చుంటుంది. తప్పు తనది కాదు. పెదనాన్న ముఖం ఎటు తిరిగితే తన ముఖమూ అటే తిరగాలి కదా.

ఇక నాన్న నవ్వుతూ అడిగాడని రాశావే, టీచరు పాఠం చెప్పని చదువు ఏం చదువని. నేను పోయిన ఉత్తరంలో సరిగ్గా చెప్పలేదు. ఈసారి మొత్తం చెబుతాను.

సెప్టెంబరులో బురులై అక్క మా పదో తరగతికి టీచరుగా వచ్చింది. జీవశాస్త్రం తనదే. నగరంలో చదువుకుని వచ్చిన మనిషి, జుట్టు కురచగా కత్తిరించుకుంటుంది, అందుకని మొదట్లో అందరూ నవ్వేవాళ్ళు. వారంలో కొన్ని పూటలు మాకు పాఠాలు ఉండవని చెప్పింది. ఎవరికి వాళ్ళు తెలుసుకోవాలనుకున్నది ఎంచుకోవాలి, ఎక్కడ దొరుకుతుందో వెతుక్కోవాలి, చలికాలం సెలవులయ్యాక ఊరివాళ్ళ ముందు నిలబడి చెప్పాలి. అడిగితే సాయం చేస్తుంది, అంతే. మొదటి రోజు బడి గోల గోలగా అయిపోయింది. మగపిల్లలు కొందరు బజారుకి పోయారు, కొందరు వెనక బెంచీల మీద పడి నిద్రపోయారు. అక్క ఎవర్నీ ఏమీ అనలేదు.

జిపార్ మాత్రం ఏడ్చింది. దానికి అన్ని సబ్జెక్టుల్లోనూ అయిదుకి అయిదు వస్తాయి, నీకు తెలుసుగా.

"గుర్రాన్ని కట్టు విప్పి పొమ్మంటే అది గూటం దగ్గరే నిలబడిపోతుంది చూడూ, అలా ఉంది నా పని," అంది. "ఏం రాయాలో చెప్పమను, పదిమంది కంటే బాగా రాస్తాను. ఏం కావాలని నన్నడిగితే నాకెలా తెలుస్తుంది?"

చివరికి ఫోన్లో వెతికి కొండ పూల గురించి ఎవరో రాసింది ఎత్తి రాసేసింది.

తిలెక్ సంగతి వేరు. బొగ్గు గనిలో కాలు పోగొట్టుకున్నాయన కొడుకు, వరసగా అన్నీ తప్పేవాడు. వాడు పాత జీపు ఇంజనొకటి తోపుడుబండి మీద బడి కొట్టంలోకి తెచ్చి పెట్టుకున్నాడు. దాన్ని విప్పడం, మళ్ళీ బిగించడం, అదే వాడి చదువు. తెల్లారక ముందే బడికి వచ్చేవాడు. ఎప్పుడూ తల దించుకుని నడిచే తిలెక్ చేతులకి నూనె మసి పూసుకుని అక్కతో నిలబడి వాదించడం చూస్తే నాకే ముచ్చటేసేది.

నా దగ్గరికి వచ్చి అక్క అడిగింది, "నీకేం తెలుసుకోవాలని ఉంది, సైకల్?"

"మీరేం చెబితే అది రాస్తానక్కా."

"నేనేం చెప్పను."

"అయితే నాకేం తెలుసుకోవాలని లేదు."

"సరే. వచ్చే వారం మళ్ళీ అడుగుతా," అని వెళ్ళిపోయింది.

వచ్చే వారం అడిగింది, ఆ తర్వాతా అడిగింది. నేను ఖాళీ కాగితం ముందు పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చునేదాన్ని. నాలో ఏమీ లేదేమోనని భయం వేసేది అమ్మా. ఇన్నేళ్ళూ ఎవరో అడిగిన ప్రశ్నలకే జవాబులు చెప్పాను. నా ప్రశ్న నన్నడిగితే లోపల ఖాళీ కడవలాగ మోగింది. ఒకరోజు అక్క పక్కన కూర్చుని, "తెలుసుకోవాలనుకున్నది వద్దులే. ఏది గుర్తొస్తే నీకు కోపం వస్తుందో అది చెప్పు," అంది.

కోపం అనగానే మన గొర్రెల కొట్టం గుర్తొచ్చింది. నానమ్మ పోయే ముందరి వసంతం. గొర్రెలు నెలలు నిండకుండానే వరసపెట్టి ఈసుకుపోయాయి. ఆ వారమే నువ్వూ కొట్టం వెనక కూలబడ్డావు. నేను బకెట్టుతో వేణ్ణీళ్ళు తెచ్చాను. గుడారం బయట నానమ్మ అందరూ వినేలా, "ఈ కోడలి అడుగు మంచిది కాదు. దాని కడుపూ నిలవదు, అది తాకిన గొర్రె కడుపూ నిలవదు," అంది. నువ్వు లేచి ముఖం కడుక్కుని పాలు పితకడానికి వెళ్ళావు.

నా కాగితం మీద ఇలా రాశాను: మా మందలో గొర్రెలు ఎందుకు ఈసుకుపోతున్నాయి?

అక్క చదివింది. "ఇంకా సగం మిగిలినట్టుంది," అంది.

"ఉందక్కా. అది రాయను."

"రాయకు. వెతుకు."

పశువుల డాక్టరు కుబాత్ గారి దగ్గరికి వెళ్ళాను. సంతరోజున గేదెకొమ్ముల మీసంతో కనిపిస్తాడే, ఆయనే. "ఇది అడగమని నిన్నెవరు పంపారు?" అన్నాడు అనుమానంగా. ఎవరూ పంపలేదు, అదే మా తరగతి అని చెబితే చాలాసేపు నవ్వాడు. తర్వాత లావుపాటి పుస్తకమొకటి ఇచ్చి, తెలియని మాటలకి అర్థం చెప్పాడు. ఎన్నో సాయంత్రాలు ఆయన గదిలో మందుల వాసన మధ్య కూర్చుని చదువుకున్నాను. చదువు ఇంత ఆకలిగా ఉంటుందని నాకు తెలియదు. పెద్దమ్మ పిలిచినా వినిపించేది కాదు.

అమ్మా, దాన్ని ఈసుడు రోగం అంటారు. దిష్టి కాదు, అడుగు కాదు. కంటికి కనిపించని పురుగు. ఈసుకుపోయిన గొర్రెపిల్లలోనూ, మాయలోనూ, ఉమ్మనీటిలోనూ, కాచని పాలలోనూ ఉంటుంది. వట్టి చేతులతో ముట్టుకున్న మనిషికి అంటుకుంటుంది. సాయంత్రానికి జ్వరం వస్తుంది, పక్కబట్టలు తడిసేలా చెమటలు పడతాయి, నడుమూ మోకాళ్ళూ పీకుతాయి. కొన్నాళ్ళు తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తుంది. చదువుతుంటే ఆ పుస్తకం రాసినాయన మన ఇంట్లో కూర్చుని నిన్ను చూసి రాశాడా అనిపించింది. పుట్టిన పిల్ల ఊపిరి తీయకపోతే నువ్వు దాని ముక్కులో నోరు పెట్టి ఊదుతావు. నీ పైబట్టలో చుట్టుకుని పొయ్యి పక్కకి తెస్తావు. అదే పేజీలో కింద, గర్భిణి స్త్రీకి ఈ రోగం ఉంటే కడుపు పోవచ్చని కూడా ఉంది.

ఆ రోజు నేను ఏడవలేదు. సంతోషంతో మంచులో పడుతూ లేస్తూ ఇంటికి పరుగెత్తాను. నీ తప్పు కాదని అచ్చులో ఉంది. వెంటనే నీకు రాసేద్దామని కూర్చున్నాను. పెదనాన్న ఏం రాస్తున్నావని అడిగాడు. చెప్పాను. ఆయన అరవలేదు. చాలా నెమ్మదిగా మాట్లాడాడు.

"చలికాలమంతా కొండమీద వాళ్ళిద్దరే ఉంటారు తల్లీ. మందని వదిలి దిగలేరు, అక్కడ డాక్టరూ లేడు. ఇప్పుడు ఈ మాట చెప్పి వాళ్ళకి నిద్ర లేకుండా చేస్తావా? వసంతం రానీ. నేనే పైకి వెళ్ళి చెబుతా."

ఆ మాట సబబుగానే అనిపించింది. కాగితం పొయ్యిలో వేశాను. అప్పటికే నువ్వు కడుపుతో ఉన్నావు. పోయినసారిలా దిష్టి తగులుతుందని నువ్వు నాక్కూడా చెప్పలేదు. నువ్వు భయపడతావని నేను నీకు చెప్పలేదు. మనిద్దరం ఒకరినొకరు కాపాడుకుంటున్నామనుకున్నాం.

సెలవులయ్యాక బడి హాల్లో అందరం చెప్పే రోజు వచ్చింది. ఊరివాళ్ళు చాలామంది వచ్చారు. ముందు వరసలో హెడ్మాస్టరు, పెదనాన్న, ఇంకా నాన్నకి కాయడానికి గొర్రెలు అప్పగించిన వాళ్ళంతా. హెడ్మాస్టరు గొర్రెలు కూడా మన మందలోనే ఉన్నాయన్న సంగతి నాకప్పుడు గుర్తే లేదు. జిపార్ కొండ పూల గురించి తడుముకోకుండా చెప్పింది, చప్పట్లు బాగా కొట్టారు. తిలెక్ ఇంజను తిప్పాడు. అది రెండుసార్లు దగ్గి హాలంతా పొగ నింపి మోగింది. వాళ్ళ నాన్న చేతికర్ర వదిలేసి చప్పట్లు కొట్టాడు. తర్వాత నేను లేచాను.

నేను బాగానే చెప్పాను అమ్మా. పిల్ల చనిపోయి పుడితే వట్టి చేతులతో తీయొద్దని, పాలు కాచి తాగాలని, మందలకి నెత్తురు పరీక్ష చేయించాలని చెప్పాను. నీ పేరు ఎత్తలేదు. అయిపోయాక చప్పట్లు లేవు.

"ఏ మందలో ఉందంటావు ఈ జబ్బు?" అని ఒకాయన అడిగాడు.

"పరీక్ష చేస్తేగానీ తెలియదు."

"నువ్వు చూసింది మీ నాన్న మందేగా? అంటే మా గొర్రెలకే రోగమనా?"

"ఈ మాట బజారుదాకా పోతే మన మాంసం కొనేదెవరు?" అని ఇంకొకాయన లేచాడు. "ఇదేనా బడిలో నేర్పేది?"

హెడ్మాస్టరు బురులై అక్క వైపు తిరిగాడు. "పిల్లలు పుస్తకంలో ఉన్నది చదవాలి. ఊరి కడుపు కొట్టడం చదువు కాదు."

"ఆమె చెప్పింది పుస్తకంలో ఉన్నదే," అంది అక్క. "కావాలంటే డాక్టరు గారు ఇక్కడే ఉన్నారు, అడగండి."

అందరూ వెనక్కి చూశారు. కుబాత్ గారు తన టోపీని ఒళ్ళో పెట్టుకుని దాన్నే చూస్తూ కూర్చున్నాడు. పెదనాన్న వచ్చి నా చెయ్యి పట్టుకుని బయటికి నడిపించాడు. ఆ రోజు నుంచి నాతో మాటలు మానేశాడు.

మర్నాటి నుంచి అన్ని పూటలా పాఠాలే. ఇంజను తీసుకెళ్ళి పాత ఇనుము వాడికి ఇచ్చేశారు. బురులై అక్కని ఇంకో జిల్లాకి పంపారు. బస్సు దగ్గర నేనూ జిపార్ తప్ప ఎవరూ లేరు. "నాది పొరపాటు సైకల్. ప్రశ్న అడగమన్నాను గానీ, జవాబు దొరికాక ఏమవుతుందో నేనూ ఆలోచించలేదు," అంది అక్క. నన్ను ముద్దుపెట్టుకుని ఎక్కేసింది. తిలెక్ నన్ను బడి గేటు దగ్గర ఆపాడు. కొడతాడేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"పుట్టాక మొదటిసారి బడికి రావాలనిపించింది నాకు," అన్నాడు. "నువ్వు గొర్రెల గురించి నోరు తెరిచి దాన్ని పోగొట్టావు. పూల గురించి చెబితే నీ సొమ్మేం పోయేది?"

వాడిప్పుడు బడికి రావడం లేదు. గనిలో చేరాడని విన్నాను. తెలుసుకోవడం మంచిదని అక్క చెప్పింది, నేనూ నమ్మాను. తెలుసుకున్నందుకు ఒక్కళ్ళకైనా మేలు జరిగిందా అని చూస్తే ఎవరూ కనిపించడం లేదు. జిపార్‌కి మళ్ళీ అయిదుకి అయిదు వస్తున్నాయి. అది ఒక్కత్తే ఊపిరి పీల్చుకుంది.

అప్పుడు నీ ఉత్తరం వచ్చింది.

"ఈసారీ నిలవలేదు. నీకు కూడా చెప్పకుండా దాచుకున్నా పోయింది. మీ నానమ్మ అన్నదే నిజమేమో, నా అడుగే అలాంటిదేమో. గొర్రెలు కూడా ఈసుకుపోవడం మొదలుపెట్టాయి. జ్వరంతోనే లేచి వాటిని చూసుకుంటున్నాను, మీ నాన్న ఒక్కడూ ఎన్నని చూస్తాడు" అని రాశావు. బొగ్గు కొట్టంలో నేను ఎంతసేపు ఉన్నానో తెలియదు. గంట కొట్టినా వెళ్ళలేదు.

అమ్మా, నీ అడుగు మంచిది. ఆ మాట నువ్వు చదివి, మళ్ళీ చదువు. రోగం గొర్రెలకి నీ నుంచి రాలేదు. గొర్రెల నుంచి నీకు వచ్చింది. వాటి పిల్లల్ని బతికించబోయి నువ్వు తెచ్చుకున్నావు.

మోకాళ్ళ సంగతి చెబుతానన్నాను. జిల్లా ఆసుపత్రిలో నా నెత్తురు తీశారు. నాకూ ఉంది. వసంతంలో కొండమీద నీతో పాటు గొర్రెపిల్లల్ని తీసినప్పుడో, వేసవిలో కాచని నురుగు పాలు తాగినప్పుడో వచ్చి ఉంటుంది. మాత్రలు ఇచ్చారు, మింగుతున్నాను, కడుపులో తిప్పుతుంది గానీ నొప్పి తగ్గుతోంది. దీనికి మందు ఉంది అమ్మా. మానకుండా వాడాలి అంతే.

ఇప్పుడు చెప్పాల్సింది ఇది. నీ ఉత్తరం చదివిన రోజే కుబాత్ గారి దగ్గరికి వెళ్ళాను. "మా నాన్న మందకి పరీక్ష చేయండి. గొర్రెలు ఈసుకుపోతున్నాయి, మా అమ్మకి జ్వరం," అన్నాను.

ఆయన తలుపు వేసి వచ్చాడు. "ఆ మాట నేను పై అధికారులకి రాస్తే వెనక్కి తీసుకోవడం కుదరదు. రోగమున్న ప్రతి గొర్రెనీ కోసేస్తారు. ఇక మీ నాన్నకి ఈ ఊళ్ళో ఎవడూ గొర్రె అప్పగించడు. నీకు అర్థమవుతోందా?"

"అవుతోంది."

"మీ పెదనాన్న నిన్ను ఇంట్లో ఉండనిస్తాడా?"

"తెలియదు."

"ఆ రోజు హాల్లో నేను లేవలేదు," అన్నాడు. "అందుకని ఇప్పుడు రాస్తున్నాననుకోకు. నువ్వు చెబితే రాస్తాను, వద్దంటే నువ్వు రాలేదనుకుంటాను."

రాయండి అన్నాను. నాన్నని అడగలేదు, నిన్ను అడగలేదు. అడిగితే నువ్వు వద్దనేదానివి. నాన్న బతుకంతా ఆ మంద. మంచు తుఫానులో దానితో పాటే పడుకుని దాన్ని కాచుకున్నాడు. నేను ఒక్క మాటతో దాన్ని తీసుకెళ్ళి కత్తి కింద పెట్టాను. ఇది నాన్నకి నువ్వు చదివి వినిపించే ముందు నీళ్ళు తాగించు. నన్ను తిట్టనీ. ఇక నా ముఖం చూడనంటే కూడా అననీ.

ఈ ఉత్తరం తెచ్చిన లారీలోనే పరీక్ష చేసేవాళ్ళు ఉంటారు. వాళ్ళు వేరే వాళ్ళు, మన ఊరివాళ్ళు కాదు, వాళ్ళకి టీ ఇవ్వు. రబ్బరు చేతి తొడుగులు మూటలో పంపుతున్నాను. నాన్న అవి వేసుకోకుండా దేన్నీ ముట్టుకోకూడదు. మాయ, చచ్చిన పిల్లలు కుక్కకి వేయొద్దు, లోతుగా పూడ్చాలి లేదా కాల్చాలి. పాలు పొంగేదాకా కాచాలి.

నువ్వు మాత్రం ఆ లారీలోనే దిగిరా. డ్రైవరుతో మాట్లాడాను, ముందు సీటు నీకే. గొర్రెలు ఈనే రోజులని, నాన్న ఒక్కడే అయిపోతాడని అంటావు. నాకు తెలుసు. అయినా ఎక్కు. పెదనాన్న ఇంటికి కాదు, నేరుగా జిల్లా ఆసుపత్రికి రా. జిపార్ వాళ్ళ అత్త అక్కడ నర్సు, ఆమెకి చెప్పి ఉంచాను. లారీ వచ్చేదాకా నేను ఆసుపత్రి గేటు దగ్గరే ఉంటాను.

ఇంకొక్కటి. పోయిన బిడ్డ ఆడో మగో నువ్వు రాయలేదు. ఏదైనా పేరు అనుకుని ఉంటే నాకు చెప్పు. నేను ఎవరితోనూ అనను.

ఇట్లు,
నీకు మిగిలిన కూతురు,
సైకల్